మామ్మకి వచ్చిన ఒకే ఒక్క జపాన్ మాట

నిన్న మధ్యాహ్నం సెంగ్‌కాంగ్ స్టేషన్ పక్కనున్న మాల్‌లో నా కూతురి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది.

ఆదివారం జనం. పైన పెద్ద తెర మీద కొత్త సినిమా ప్రకటన వస్తోంది. మండుతున్న నది, నది మధ్యలో పడవ, పడవలో ఒక పిల్ల. ఆ పిల్ల చేతిలో తెడ్డు, తెడ్డు అంచున నెత్తురు. బొమ్మల సినిమానే, కానీ ఆ నెత్తురు మాత్రం బొమ్మలా ఉండదు. అంతలో ఒక ముసలి గొంతు, చీరుకుపోతున్నట్టుగా, "నిగేరో!" అని అరిచింది. నేను తలెత్తి చూసి దించేసరికి నా చేతిలో చెయ్యి లేదు.

పాపకి పదేళ్ళు. ఇంకా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నానని నామీద కోపం కూడా. నేను ముందు తలుపుల వైపు చూశాను. తర్వాత ఎస్కలేటర్ల వైపు, బస్సులకి వెళ్ళే దారి వైపు. ఎందుకంటే ఆ మాట వినపడితే మా పాప పరిగెత్తుతుంది. ఒకసారి పరిగెత్తింది కాబట్టే నాకు మిగిలింది. ఆ మాట నేర్పిన మనిషి పోయినవారం మలేషియాలో చనిపోయింది.

పాప ఎక్కడ దొరికిందో చెప్పాలంటే ముందు ఆ మనిషి గురించి చెప్పాలి. ఇంట్లో అందరూ పడుకున్నారు. తలుపు గడియ ఒకసారి చూసొచ్చి, మళ్ళీ చూసొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మేం ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం. మాదీ వాళ్ళదీ ఒకే కారిడార్, మధ్యలో మూడు గుమ్మాలు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంకుల్, ఆంటీలే కాబట్టి మొదటిరోజు నేనూ "ఆంటీ" అన్నాను.

"ఆంటీ అంటే సేపలమ్మేదాన్నీ అంటారు, బస్సులో సీటడిగేదాన్నీ అంటారు. మామ్మ అను" అంది.

"మీరు నాకు మామ్మ వయసు కాదండీ."

"నీకు కాదు. నీ గుంటకి."

నేను ఉలిక్కిపడ్డాను. మా తెనాలి వైపు గుంట అంటే నేలలో ఉండేది. మామ్మకి గుంట అంటే ఆడపిల్ల. ఆవిడ పుట్టింది మలేషియాలో, పేరాక్‌లోని రబ్బరు తోటల్లో. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ ఆంధ్రా ఎప్పుడూ చూడలేదు గానీ ఆ ఓడలో వచ్చిన తెలుగు మాత్రం ఆవిడ నోట్లో చెక్కుచెదరకుండా ఉండేది. లేదు అంటే నేదు. లోపల అంటే నోపల. పాప ఒకసారి కారిడార్‌లో చిన్న సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుంది. నేను పరిగెత్తి ఎత్తుకోబోయాను. గుమ్మంలోంచి కేక వినపడింది.

"ముట్టుకోకు! నెగనీ. నెగు గుంటా, నెగు!"

నాకు అర్థం కాలేదు. పాపకి అర్థమైంది. లేచింది. "లెగు" అన్న మాట ఆవిడ నోట్లో "నెగు" అవుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ ఒక్క అక్షరం గురించే ఇదంతా రాస్తున్నాననిపిస్తోంది.

మామ్మ పొట్టి. భుజాలు మాత్రం బరువులు మోసే మగవాడి భుజాల్లా ఉండేవి. బట్టలారేసేటప్పుడు చూడాలి ఆవిణ్ణి. ఇక్కడి పాత ఫ్లాట్లలో వంటింటి కిటికీ బయట వెదురు గడలకి బట్టలు తగిలించి, ఆ గడ చివర గోడలోని గొట్టంలో దూర్చాలి. తడి దుప్పట్లతో ఆ గడ ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. నేను ఒకసారి ప్రయత్నించి, కింద నడిచేవాళ్ళ తల మీద పడేస్తానేమోనని భయపడి, ఆ తర్వాత ఇంట్లోనే స్టాండు మీద ఆరేస్తున్నాను. మామ్మ గడని రెండు చేతులా పట్టి, ఒక కాలు వెనక్కి వేసి, పళ్ళు కరిచి, ఒక్క పోటు పొడిచేది. గొట్టంలో దిగిన చప్పుడు మా ఇంటికి వినపడేది. పొడిచిన ప్రతిసారీ ముక్కులోంచి "హుఁ" అని ఒక శబ్దం. ఎవరినో పొడుస్తున్నట్టే ఉండేది. ఆ ఎవరో అప్పట్లో నాకు తెలియదు.

చేపలు కోయడం కూడా అంతే. మార్కెట్‌లో వాళ్ళు కోసిస్తామన్నా ఒప్పుకునేది కాదు. తల మీద కత్తి వెనక భాగంతో ఒక దెబ్బ, పొట్ట మీద ఒక గీత, వేలు పెట్టి లాగితే పేగులన్నీ ఒకే తాడులా వచ్చేవి. ఆ తాడుని వెలుతురుకి పట్టుకుని, "పడవపిల్ల ఆ కొమ్ముల ముసుగోడికి సేసిందే, ఇలగే సేసింది" అని పాపకి చూపించేది.

పడవపిల్ల అంటే మామ్మ రోజూ టీవీలో చూసే జపాన్ బొమ్మల సీరీస్‌లో పిల్ల, నిన్న మాల్‌లో తెర మీద కనిపించిన పిల్లే. కథ చిన్నదే. నది ఒడ్డున ఒక ఊరు. ముసుగులేసుకున్న మనుషులొచ్చి ఊరు తగలబెడతారు. పడవ నడిపే ముసలి తాత మనవరాలిని పడవలోకి తోసి, వీపులో ఈటె దిగుతుండగా, "నిగేరో!" అని అరిచి చనిపోతాడు. ఆ పిల్ల తాత తెడ్డుకి ఇనుప అంచు కొట్టించుకుని ఒక్కొక్క ముసుగువాణ్ణీ వెతికి చంపుతుంది. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒకచోట ఆ పిల్ల దెబ్బతిని నెత్తుట్లో పడిపోతుంది. అప్పుడు తాత గొంతు వినపడుతుంది. "నిగేరో!" పిల్ల లేస్తుంది. తెడ్డు తిరుగుతుంది. తలలు తెగుతాయి.

మామ్మకి ఇంగ్లీషు మాట్లాడటం కొంచెం వచ్చు, చదవడం రాదు. తెర కింద అక్షరాలు ఆవిడకి చీమలబారు. చెవులతోనే చూసేది. ఆ చెవులకి ఆ మాట "నెగరో" అని వినపడింది. ఎందుకు వినపడదు? తాత అరిచాడు, పిల్ల లేచింది.

"జపానోల్లకి మన మాట ఎలగొచ్చినాదో" అని ఆశ్చర్యపోయేది. "కానీ ఒక తప్పు సేసినారు. ఆడగుంటని రో అంటాడేటి, ఆ ముసలోడు? నెగవే అనాల."

"జపాన్‌లో ఆడా మగా ఒకటేనేమో మామ్మా" అన్నాను నవ్వాపుకుంటూ.

"అలగయితే మంచి దేశం."

ఆ సీరీస్ పుస్తకాలు కూడా ఉండేవి వాళ్ళింట్లో. మామ్మ కూతురు చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల షాపులో కొన్నవి, అన్నీ జపాన్ భాషలోనే. అందులో ఒక్క అక్షరం మామ్మకి రాదు, నాకూ రాదు. బొమ్మలు చూసుకుంటూ పాపకి కథ చెప్పేది. ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి తిప్పాలని మొదట్లో ఆవిడకి తెలియదు. మనలాగే ఎడమ నుంచి తిప్పి మొదటి పుస్తకం అంతా చూసిందట. అందులో పిల్ల ఒడ్డుకి వెనక్కి వస్తుంది, తాత వీపులోంచి ఈటె బయటికి వస్తుంది, తాత లేచి కూర్చుంటాడు, మంటలు ఇళ్ళల్లోకి పోయి ఆరిపోతాయి, అందరూ అన్నాలు తింటారు.

"మా అమ్మాయి వచ్చి ఎనకనుంచి తిప్పాల అన్నాది. తిప్పి సూస్తే అందరూ సచ్చిపోనారు. అలామక్! నాకు ముందు సదివిందే బాగున్నాది" అనేది. అలామక్ అంటే మలయ్‌లో మన అయ్యబాబోయ్.

ఇక ఆ పాట. ప్రతి ఎపిసోడ్ చివర వచ్చేది. ఒక పిల్లనగ్రోవి, దాని వెనక పెద్ద డోలు, దబ్ దబ్ మని ఆగి ఆగి. తోటల్లో పండగలకి మగవాళ్ళు గుండెల మీద తప్పెట్లు కట్టుకుని ఆడేవారట. ఇది అదే దరువనేది మామ్మ. మధ్యాహ్నం పాపని పడుకోబెట్టేటప్పుడు పాప వీపు మీద అదే దరువు వేసేది. ఊళ్ళు తగలబెట్టి, మనుషుల్ని నరికి, ఆ తర్వాత వచ్చే పాటతో నా కూతురు హాయిగా నిద్రపోయేది. నేను జోలపాడితే మాత్రం పడుకునేది కాదు.

అప్పుడు పాపకి ఆరేళ్ళు. నేనూ ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి పోతాం. కిండర్‌గార్టెన్ అయ్యాక సాయంత్రం వరకూ పాప మామ్మ దగ్గరే. నేను ఆఫీసులో కూర్చుని భయపడేదాన్ని. నా భయాలకి అంతుండదు. కిటికీ చువ్వలు, లిఫ్టు తలుపులు, చేప ముల్లు. వాటన్నిటికీ ఇప్పుడు తెగిన తలకాయలు తోడయ్యాయి. ఒకరోజు స్కూల్ నుంచి ఫోనొచ్చింది. పాప గొడుగుతో ఒక అబ్బాయిని మూతి మీద పొడిచింది. పెదవి చిట్లింది. టీచర్ ఇంకొక మాట కూడా చెప్పింది. "పొడిచే ముందు మీ పాప ఒక జపాన్ మాట అరిచింది. మా క్లాసులో వాళ్ళమ్మ జపాన్ ఆవిడైన పిల్ల ఉంది. పారిపో అని దానర్థమట."

ఇంటికి వస్తూ ఎల్‌ఆర్‌టీ రైల్లో పాపని అడిగాను. "నిగేరో అంటే ఏంటే?"

"రన్" అంది, కిటికీలోంచి చూస్తూ.

"నీకు తెలుసా?"

"కింద రాసుంటుంది లా. ఎవ్రీ టైమ్. ఆర్, యూ, ఎన్."

"మరి మామ్మకి చెప్పలేదా?"

పాప నా వైపు తిరిగింది. నా అంత పెద్దదానిలా నిట్టూర్చింది. "మామ్మ పైసే అయిపోతుంది, అమ్మా."

మాట చివర "లా" తగిలించడం ఇక్కడి పిల్లల భాష, ఆ భాషలో పైసే అంటే సిగ్గుతో తల దించుకోవడం. మామ్మ తల దించుకోవడం పాపకి ఇష్టం లేదు. నేనూ చెప్పలేదు.

కానీ ఇంకొకటి చెప్పాను. ఆ శనివారం మామ్మ దగ్గరికి వెళ్ళి, "ఇక పాపకి అది చూపించకండి. నాకు భయంగా ఉంది" అన్నాను.

"నీకా, గుంటకా?"

"నాకే."

"అయితే నువ్వు సూడకు."

"మామ్మా, నేను నవ్వులాటకి అనడం లేదు. అంత రక్తం..."

ఆవిడ టీవీ ఆపింది. తల పక్కకి తిప్పి, జుట్టు పైకెత్తి, ఎడమ చెవి చూపించింది. చెవి తమ్మె రెండుగా చీలి, రెండు ముక్కలూ ఎండిపోయిన ఆకు కొనల్లా వేలాడుతున్నాయి. కమ్మ కోసం పైన ఇంకో కన్నం కుట్టించుకుంది. ఇన్నాళ్ళూ నేను గమనించలేదు.

"మా ఆయన ఎపిసోడు" అంది. ఆవిడ తన బతుకులో జరిగినవన్నీ ఎపిసోడ్లనే అనేది. "జీతం రోజు. కమ్మ ఇయ్యమన్నాడు. ఇయ్యనన్నాను. లాగీసినాడు. నెత్తురు అన్నంలో పడ్డాది. ఆ అన్నమే తినమన్నాడు. తెల్లారి రబ్బరు సెట్ల కాడికి ఎల్లీసరికి కంగానీ మేస్త్రి అడిగినాడు, ఏటయిందని. కొమ్మ గీసుకున్నాది అన్నాను. ఆ రోజుల్లో నాకీ పిల్ల తెలవదు. తెలిస్తేనా..." అని గాలిలో తెడ్డు తిప్పింది. "రత్తం సూడకపోతే రత్తం ఉండదేటి, అమ్మాయ్?"

 నా అసలు భయం ఇంకా చెప్పలేదు. అది వాళ్ళ టీవీ పైన గోడ మీద ఫోటోలో ఉంది. మామ్మ అల్లుడు. అతను మామ్మ కూతురి దవడ ఎముక విరగ్గొట్టాక ఆ అమ్మాయి తల్లి దగ్గరికి వచ్చేసింది. అతను ఈ ఇంటి దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరు ఉంది. అయినా వచ్చేవాడు. కింద ఖాళీ స్థలంలో నిలబడి, అయిదో అంతస్తు వైపు చూస్తూ, భార్య పేరు పెట్టి ఒక్కొక్క బూతూ అరిచేవాడు. పోలీసులొచ్చేసరికి మోటారుసైకిల్ ఉండేది కాదు. పెళ్ళి ఫోటోలోంచి కూతుర్ని కత్తిరించి తీసేసిన మామ్మ అల్లుణ్ణి మాత్రం ఉంచింది.

"అతన్ని ఎందుకుంచారు?"

"ముసుగోడి మొకం గుర్తుండాల గదా."

నేను ధైర్యం చేసి చెప్పేశాను. వచ్చేనెల నుంచి పాపని వేరే చోట పెడతామని. సీటు కోసం అడిగామని. మామ్మ జుట్టు మళ్ళీ చెవి మీదికి దించుకుంది. తర్వాత, "సరి. నీ గుంట, నీ ఇష్టం. నెలాకరు దాకా ఇక్కడే తింటాది గదా?" అంది. తింటుందన్నాను.

ఆ నెలాఖరు లోపే జరిగింది.

బుధవారం. నాకు తలనొప్పిగా ఉండి ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశాను. లిఫ్టు అయిదో అంతస్తులో ఆగి తలుపు తెరుచుకోగానే పాప వచ్చి నా కడుపులో ఢీకొట్టింది. చెప్పులు లేవు. యూనిఫాం మీద ఎర్రటి చుక్కలు. నా పిల్లదే అనుకుని చేతులతో తల, మెడ, పొట్ట అన్నీ తడిమాను. దానిది కాదు.

"రన్, అమ్మా! మామ్మ సెడ్ రన్!"

కారిడార్ చివర మామ్మ వాళ్ళ ఇనప గేటు గోడకి కొట్టుకుంటోంది. మగ గొంతు. ఏదో గట్టిది ఎముకకి తగిలిన చప్పుడు. అలాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు, విన్న క్షణంలో అదేమిటో తెలిసింది. పాప నా చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి లాగి తనే మీట నొక్కింది. కిందకి వచ్చాక పోలీసులకి ఫోన్ చేస్తుంటే నా నోట బ్లాక్ నంబరు రాలేదు. పాప చెప్పింది.

ఫోన్ పెట్టకముందే పైనుంచి వెదురు గడ ఒకటి, తడి లుంగీలతో సహా, గడ్డి మీద దభీమని పడింది. సగానికి విరిగి ఉంది. విరిగిన చోట ఎర్రగా ఉంది.

ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మామ్మ బట్టలారేస్తోంది. పాప టీవీ ముందు అన్నం తింటోంది. అల్లుడు గేటు దగ్గరికొచ్చి, మెత్తగా, "అత్తా, నా చొక్కాలు ఇచ్చేయ్, పోతాను" అన్నాడు. గేటు మూసే ఉంది, తాళం లేదు. పాప స్కూల్ నుంచి వచ్చాక తాళం వేయడం మర్చిపోయారు. లోపలికి వస్తూనే చేతిలోని హెల్మెట్‌తో మామ్మని తల మీద కొట్టాడు. మామ్మ పడింది. రెండోసారి కొట్టాడు, మెడ పక్క ఎముక విరిగింది. అప్పుడు మామ్మ నేల మీదనుంచే అరిచింది.

"నిగేరో!"

ఆవిడ అరిచింది తనకోసం. తాత గొంతుతో తననే లేవమంది. గోడకానుకున్న పాపకి మాత్రం ఆ మాట తెర కింద అక్షరాలతో సహా వినపడింది. ఆర్, యూ, ఎన్. పళ్ళెం వదిలేసి, అతని కాళ్ళ పక్కనుంచి, తెరిచి ఉన్న గేటులోంచి పరిగెత్తింది. అతను దాని జుట్టు అందుకోబోయాడట. అందుకే వీపు మామ్మ వైపు తిప్పాడు.

మామ్మ లేచింది. విరిగిన ఎముకతో, కళ్ళలోకి నెత్తురు కారుతుండగా, కిటికీ దగ్గరున్న గడని తడి లుంగీలతో సహా ఎత్తి, ఒక కాలు వెనక్కి వేసి, రోజూ గొట్టంలో దించినట్టే అతని మోకాలి వెనక దించింది. కింద పడ్డాక నోటి మీద కొట్టింది. గడ విరిగేదాకా కొట్టింది. విరిగాక కిటికీలోంచి విసిరేసింది.

ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే తలకి కట్టు, చేతికి పట్టీ, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. నన్ను చూడగానే, "గడ కిందకి ఇసిరినందుకు ఫైనేస్తారేటి?" అని అడిగింది.

"ఎవరన్నారు?"

"పోలీసు పిల్లడు. కింద ఎవరికైనా తగిలుంటే అన్నాడు. తగలాల్సినోడికి తగిలినాది అన్నాను." నవ్వబోయి నొప్పికి ఆగింది. "మా అమ్మాయికి నేల తుడిస్తే పన్ను దొరికినాదట. దాసమన్నాను."

తర్వాత ఒక్క కన్నుతోనే పాప కోసం వెతికింది. పాప నా వెనక నిలబడి ఉంది.

"గుంటా, సూసినావా? నాను పడిపోనాను. నెగరో అని నాకు నానే అరుసుకున్నాను. నెగినాను. అచ్చం పడవపిల్ల లాగ. నాను నెగినప్పుడు సూసినావా, నేదా?"

పాప ముందుకి వచ్చింది. మంచం కమ్మీ పట్టుకుంది.

"చూశాను, మామ్మా."

"ఎలగున్నాది?"

"సూపర్."

మామ్మ కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో అంత తృప్తి నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు. ఆవిడ లేచినప్పుడు పాప లిఫ్టు దగ్గర ఉంది. అది నాకూ తెలుసు, పాపకీ తెలుసు.  ఇంటికొచ్చాక కూడా ఇద్దరం ఆ మాటెత్తలేదు.

వేరే చోట పాపకి దొరికిన సీటు నేను వదులుకున్నాను. అతను జైల్లో ఉన్నంతకాలం పాప మామ్మ దగ్గరే తింది. మామ్మ కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. గడలు నేను ఎత్తడం నేర్చుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, "కాలు ఎనక్కెయ్. పల్లు కరువు. పొడు!" అని అరిచేది. అతను బయటికి వచ్చే ముందు తల్లీకూతుళ్ళు పేరాక్‌కి వెళ్ళిపోయారు. వెళ్తూ పుస్తకాలు పాపకిచ్చింది. చివరి ఎపిసోడ్ మాత్రం ఆవిడ చూడలేదు. "సూస్తే అయిపోద్ది" అని ఎప్పుడూ మొదటికి పోయేది.

పోయినవారం మామ్మ కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట. పాపకి చెప్పాను. ఏడవలేదు. "ఓకే" అంది. మామ్మ ఇచ్చిన మొదటి పుస్తకం తీసి, ఎడమ నుంచి తిప్పుతూ కూర్చుంది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ రోజంతా దాన్నే చూశాను.

ఇక నిన్న.

తలుపుల దగ్గర పాప లేదు. ఎస్కలేటర్ మీద లేదు. నేను పేరు పెట్టి అరుస్తూ నాలుగు వైపులా తిరిగాను. జనం ఒకచోట చీలి నడుస్తున్నారు, నేల మీద ఏదో ఒలికిపోతే పక్కనుంచి పోయినట్టు. అక్కడ ఉంది. నేను నిలబడిన చోటికి పది అడుగులు కూడా లేదు. పరిగెత్తనే లేదు. తెర కిందే, చల్లటి నేల మీద మోకాళ్ళు కౌగిలించుకుని, తల దాచుకుని కూర్చుంది. పైన తెర మీద పాట మొదలైంది, దబ్ దబ్ మని. దాని వీపు ఆ దరువుకి కాకుండా వేరేగా కదులుతోంది.

నేను పక్కనే కూలబడ్డాను. "ఏమైందే? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఐ డిడ్‌న్ట్ సీ" అంది మోకాళ్ళలోకి.

"ఏంటి?"

"మామ్మ లేవడం. నేను చూడలేదు, అమ్మా. నేను పరిగెత్తేశాను. చూశానని చెప్పాను. మామ్మ అడిగింది, నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడు హౌ టు టెల్ హర్?"

 నువ్వు పరిగెత్తావు కాబట్టే అతను వెనక్కి తిరిగాడు, అతను తిరిగాడు కాబట్టే మామ్మ లేచిందని చెప్పొచ్చు. మామ్మ అరిచింది నిన్ను పరిగెత్తమని కాదని కూడా చెప్పొచ్చు. ఆ మాట నీకు ఒకలా, ఆవిడకి ఒకలా వినపడటం వల్లే ఇద్దరూ బతికారని చెప్పొచ్చు. అవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక ఆవిడ తన పిల్లాణ్ణి మా పక్కనుంచి లాక్కుని వెళ్తూ నన్ను జాలిగా చూసింది. నేను లేచి నిలబడ్డాను. చంకల్లో చేతులు వేసి పాపని ఎత్తుదామని వంగి, ఆగి, చేతులు వెనక్కి తీసుకున్నాను.

"నెగు" అన్నాను. నా తెనాలి నోటికి ఆ మాట సరిగ్గా తిరగలేదు. మళ్ళీ అన్నాను. "నెగవే."

పాప తలెత్తింది. ముఖమంతా తడి. ముక్కు మోచేత్తో తుడుచుకుంది.

"రో అనాలి, అమ్మా."

"ఏంటి?"

"నెగరో. జపాన్‌లో ఆడా మగా లేదు లా."

నేను గొంతు సవరించుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, అంతమంది జనం మధ్యలో, నాకు చేతనైనంత గట్టిగా అరిచాను.

పాప నేల మీద చేతులు ఆనించి లేచింది. ఈసారి నేను చూశాను.